ఆవు దవడ అడ్డంగా తిప్పుతుంది, పిల్లి తల పక్కకి వంచుతుంది, ఎందుకు?

రెండూ నోటితోనే తింటున్నా తీరు వేరేగా ఎందుకుంది అని అడిగారు. నేను ఆవునీ పిల్లినీ కోళ్ళనీ పెంచాను కాబట్టి చూసింది చెప్తాను.

ఆవుని కొత్తగా తెచ్చుకున్నప్పుడు ఒకరోజు నోరు తెరిచి చూస్తే పైన ముందు పళ్ళు ఒక్కటీ లేవు. ఊడిపోయాయేమోనని టెన్షన్ పడి పశువుల డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆయన నవ్వి, ఏ ఆవుకీ అక్కడ పళ్ళుండవు, గట్టి చిగురే ఉంటుందన్నారు. అందుకే అది గడ్డిని కొరకదు. గరుకైన నాలుకని గడ్డి చుట్టూ మెలేసి, కింది పళ్ళకీ ఆ చిగురుకీ మధ్య ఇరికించి, తల విదిల్చి తెంపుతుంది. పెద్దగా నమలకుండానే మింగేసి, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. దవడ అడ్డంగా తిరిగేది వెనక పళ్ళతో గడ్డిని నూరడానికి, తిరగలి తిప్పినట్టు.

దీంతో ఒక చిక్కుంది. గుప్పెడు గుప్పెడుగా లాగేస్తుంది కాబట్టి మేతలో ఇనుప మేకో తీగముక్కో ఉంటే అదీ లోపలికే పోతుంది. అది పొట్టలో గుచ్చుకుని ప్రాణం మీదికి రావచ్చు. అందుకే కొన్నిచోట్ల ఆవు చేత అయస్కాంతం మింగిస్తారు. మేకలకి ఈ బెడద తక్కువ, కదిలే పై పెదవితో ఆకు ఆకూ ఏరుకుంటాయి మరి.

పిల్లి దవడ పైకీ కిందకీ తప్ప పక్కలకి దాదాపు కదలదు, అంటే నూరడం కుదరదు. పక్క పళ్ళు కత్తెర రెక్కల్లా ఒకదాన్నొకటి రాసుకుంటూ మాంసాన్ని కోస్తాయి. ముక్కని ఆ పళ్ళ దగ్గరికి చేర్చడానికే తల వంచుతుంది. నీళ్ళు తాగేటప్పుడైతే ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి చూడాల్సిందే: నాలుక కొసని వెనక్కి మడిచి నీటిని ఊరికే తాకించి పైకి లాగుతుంది, దాంతోపాటు లేచిన సన్నటి నీటి ధార పడిపోయేలోపు నోరు మూసేస్తుంది. సెకనుకి నాలుగుసార్లు! కుక్క మాత్రం నాలుకని నీళ్ళలోకి కొట్టి చుట్టూ చిందరవందర చేస్తుంది.

కోడికి పళ్ళే లేవు. గింజని అలాగే మింగితే, అది ఏరి తిన్న చిన్న రాళ్ళతో కందనకాయ నూరుతుంది. నీళ్ళైతే ముక్కుతో తీసుకుని, గొంతులోకి జారడానికి తల పైకెత్తుతుంది. పావురం అలా కాదు, ముక్కు ముంచి పీల్చేస్తుంది. రెండూ ఒకే గిన్నె దగ్గర చేరినప్పుడు చూడండి, భలే ఉంటుంది.