అద్దె కారు గుద్దుకున్నాక ఏం చేయాలి: మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు, అది చాలు. అక్కకి ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను. నువ్వు ముందు కాగితాల పని చూడు.

నిన్న ఫోన్లో చెప్పినవి మళ్లీ ఒకసారి సరిచూసుకుందాం. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారుని వెనకనుంచి గుద్దావు. అగ్రిమెంట్ నీ పేరు మీదే ఉంది, నడిపిందీ నువ్వే. కౌంటర్లో వాళ్లు అమ్మబోయిన కవరేజీలన్నీ వద్దన్నావు. అద్దె మొత్తం నీ క్రెడిట్ కార్డు మీదే పోయింది. నీకు సొంత కారు లేదు, ఆటో పాలసీ లేదు. "ఇన్సూరెన్స్ వస్తుందా రాదా మామయ్యా" అని ఒక్క ముక్కలో అడిగేశావు గానీ, అందులో మూడు లెక్కలున్నాయిరా. అద్దె కారు రిపేరు ఒకటి. ఎదుటాయన కారు, ఆయన ఒళ్లు రెండోది. నీకూ నీ స్నేహితులిద్దరికీ అయ్యే ఆస్పత్రి ఖర్చు మూడోది. ఒక్కోదానికి డబ్బు ఒక్కో చోటినుంచి రావాలి. కార్డు వాళ్ల చేత "కవర్ ఉంది" అనిపించుకుని, మిగతా రెండూ అందులోనే వచ్చేస్తాయనుకునేవాళ్లే ఎక్కువ.

కారు సంగతి ముందు. కౌంటర్లో అమ్మే డ్యామేజ్ వేవర్, అంటే కారుకి దెబ్బ తగిలినా నీ దగ్గర డబ్బు అడగం అని కంపెనీ ఇచ్చే హామీ, నువ్వు తీసుకుని ఉంటే ఈ పాటికి కారు గురించి బెంగ ఉండేది కాదు. తీసుకోలేదు కాబట్టే ఇప్పుడు కార్డు బెనిఫిట్, అంటే అద్దె కారు డ్యామేజీకి క్రెడిట్ కార్డుతో పాటు వచ్చే కవరేజీ, పలుకుతుంది, తీసుకున్నవాళ్లకి అది వర్తించదు. చాలా కార్డుల్లో ఇది సెకండరీ, అంటే సొంత ఆటో పాలసీ కట్టగా మిగిలిందే కార్డు ఇస్తుంది. నీకు పాలసీయే లేదు కాబట్టి మామూలుగా ఆ సెకండరీయే మొదటి రూపాయినుంచి కట్టాలి. పాలసీ లేదని వాళ్లు రాతపూర్వకంగా అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టు.

ఫోన్ బ్యాంకు కస్టమర్ కేర్‌కి కాదు, బెనిఫిట్ అడ్మినిస్ట్రేటర్‌కి చేయాలి. అది ఈ క్లెయిమ్‌లు చూసే వేరే సంస్థ, నంబరు నీ కార్డు బెనిఫిట్స్ గైడ్‌లో ఉంటుంది. బ్యాంకు చాట్‌లో ఎవరో "యూ ఆర్ కవర్డ్" అన్న మాటకి విలువ లేదు. ప్రమాదం జరిగిందని తెలియజేయడానికి కొన్ని కార్డులు 30 రోజులే ఇస్తాయి, కొన్ని 45, కొన్ని 60. క్లెయిమ్ ఫారానికి ఒక గడువు, కాగితాలకి ఇంకో గడువు. రెంటల్ కంపెనీ ఉత్తరం వచ్చాక చేద్దాంలే అని కూర్చుంటే, ఆ ఉత్తరం రెండు నెలల తర్వాత వస్తే మొదటి గడువు అప్పటికే దాటిపోతుంది. రిపేరు ఎంతో తెలియకపోయినా ఈ వారమే ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకో. కాగితాలు తర్వాత అప్‌లోడ్ చేయొచ్చు.

వాళ్లు అడిగేవి దాదాపు ఇవే: కారు తీసుకున్నప్పటి అగ్రిమెంట్, తిరిగిచ్చాక వచ్చిన ఫైనల్ ఇన్‌వాయిస్, అద్దె మొత్తం ఆ కార్డు మీదే పడిందని చూపే స్టేట్‌మెంట్, రెంటల్ కంపెనీకి నువ్వు నింపి ఇచ్చిన యాక్సిడెంట్ రిపోర్టు, పోలీసు రిపోర్టు, ఫోటోలు, విడివిడిగా లైన్లు వేసిన రిపేరు ఎస్టిమేట్, ఇంత కట్టమని కంపెనీ పంపే డిమాండ్ లెటర్. ఆఫీసర్ నీ చేతికిచ్చిన చీటీ మీద రిపోర్టు నంబరు ఉంటుంది. టెక్సస్‌లో ఆ పోలీసు రిపోర్టుని సీఆర్-3 అంటారు. ఆఫీసర్‌కి దాన్ని రాష్ట్రానికి పంపడానికి 10 రోజుల గడువుంది, ఆ తర్వాత టెక్సస్ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో 6 డాలర్లకి కొనుక్కోవచ్చు. రాగానే చదువు. పేరు, కారు నంబరు, ఎవరు ఏ సీట్లో కూర్చున్నారు అనేవి తప్పుపడితే ఇప్పుడే సరిచేయమని అడగాలి.

బండిని తీసుకెళ్లింది రెంటల్ కంపెనీ పిలిచిన టో ట్రక్కా, దారిన వచ్చినదా? దారిన వచ్చినదైతే కారు ఏదో ప్రైవేటు యార్డులో ఉంటుంది, రోజుకింత అని స్టోరేజీ పెరుగుతూ ఉంటుంది. యార్డు అడ్రసు ఈరోజే కంపెనీకి ఈమెయిల్ చెయ్యి. ఫోన్లో చెప్పినా సరే, ఈమెయిల్ కూడా పెట్టు. ఎప్పుడు చెప్పావో రేపు రుజువు కావాలి.

ఇక డిమాండ్ లెటర్. కారు లెక్కలో నెగ్గేదైనా ఓడేదైనా ఇక్కడే. ఉదాహరణకి ఇలా వస్తుందనుకో: రిపేరు 2,840 డాలర్లు, లాస్ ఆఫ్ యూజ్ 9 రోజులు రోజుకి 52 చొప్పున 468, డిమినిష్డ్ వాల్యూ 284, అడ్మిన్ ఫీజు 150, మొత్తం 3,742. చూడగానే గుండె ఝల్లుమంటుంది. భయపడి కార్డు గీకకు, ఒక్కో లైనూ విడిగా చూడు.

రిపేరు లైనుకి ఎస్టిమేట్ అడుగు. అందులో ముందు చూడాల్సింది విన్ నంబరూ (కారు గుర్తింపు సంఖ్య), ఓడోమీటరూ నీ అగ్రిమెంట్‌తో కలుస్తున్నాయా అని. తర్వాత గుద్దింది ముందు భాగం కాబట్టి బంపర్ కవర్, గ్రిల్, హుడ్, హెడ్‌ల్యాంప్ ఉంటే సబబు. వెనక ఎడమ డోర్‌కి రంగు అని కనబడితే అది పాత గీత, నీ తలకి చుట్టేశారన్నమాట. కారు తీసుకున్నరోజు తీసిన ఫోటోలు ఉంటే ఆ లైను అక్కడే కొట్టేయించొచ్చు. సెన్సర్ కాలిబ్రేషన్ అని వందల డాలర్లు వేస్తే మాత్రం అన్యాయం అనుకోకు. ఈ కాలపు కార్లలో ముందు బంపర్ వెనకో, గ్రిల్ వెనకో రాడార్ ఉంటుంది, బంపర్ విప్పి బిగిస్తే దాన్ని మళ్లీ సరిచేయాల్సి రావచ్చు. చేసినట్టు షాపు ఇన్‌వాయిస్ ఉందా అని మాత్రం అడుగు.

లాస్ ఆఫ్ యూజ్ అంటే కారు షాపులో ఉన్నన్నాళ్లూ పోయిన అద్దె. ఎస్టిమేట్ చివర లేబర్ గంటలు ఉంటాయి. మొత్తం 14 గంటలు అనుకో. రోజుకి నాలుగు గంటల పనే జరిగిందని ఉదారంగా లెక్కేసినా నాలుగు రోజులకి మించదు. మరి తొమ్మిది ఎక్కడివి? కారు షాపులోకి వెళ్లిన తేదీ, బయటికొచ్చిన తేదీ, మధ్యలో విడిభాగాల కోసం ఆగిన రోజులు, ఇవన్నీ రాసిమ్మను. దానితోపాటు ఫ్లీట్ యుటిలైజేషన్ లాగ్ అడుగు. ఆ రోజుల్లో వాళ్ల దగ్గర అదే రకం కార్లన్నీ అద్దెకి పోయి ఉన్నాయా, లేక లాట్‌లో ఖాళీగా నిలబడ్డాయా అన్నది అందులో తెలుస్తుంది. చాలా కార్డులు ఆ లాగ్ చూపిస్తేనే ఈ లైను కడతాయి, కంపెనీలేమో దాన్ని ఇవ్వడానికి నసుగుతాయి. నువ్వు ఈమెయిల్లో అడిగి, జవాబు వచ్చినా రాకపోయినా ఆ ఈమెయిల్‌ని క్లెయిమ్‌కి జతచెయ్యి.

డిమినిష్డ్ వాల్యూ, అంటే దెబ్బతిన్న కారు కాబట్టి రేపు తక్కువకి అమ్ముడుపోతుందన్న లెక్క, చాలా కార్డులు కట్టవు. అడ్మిన్ ఫీజు కార్డుని బట్టి ఉంటుంది. ఈ రెండిటికీ కంపెనీతో బేరమాడొచ్చు. నెలరోజులు నిలబడి మర్యాదగా ఈమెయిల్స్ రాసేవాడికి ఈ లైన్లు తగ్గడం, ఒక్కోసారి పోవడం జరుగుతుంది. అగ్రిమెంట్‌లో సంతకం పెట్టిన షరతే కాబట్టి హక్కుగా మాత్రం అడగలేవు.

క్లెయిమ్ నడుస్తుండగానే కంపెనీ మొత్తాన్నీ నీ కార్డు మీద వేసేయొచ్చు కూడా, అగ్రిమెంట్‌లో దానికి అనుమతి ఉంటుంది. అందుకే క్లెయిమ్ నంబరు రాగానే వాళ్ల డ్యామేజ్ రికవరీ విభాగానికి పంపి, అడ్మినిస్ట్రేటర్ తేల్చేదాకా ఫైలు ఆపమని అడుగు. నోరు మెదపకుండా ఉంటే కలెక్షన్స్‌కి, అంటే బాకీలు వసూలు చేసేవాళ్లకి, పంపుతారు. నీ క్రెడిట్ చరిత్రకి ఇంకా ఏడాది కూడా నిండలేదు, అక్కడ పడే దెబ్బ రిపేరు బిల్లు కంటే ఖరీదు.

నీ రూమ్మేట్లకి ఒక మాట చెప్పు. మనవాళ్లు ఊరు తిరగడానికి వెళ్లేటప్పుడు 25 నిండినవాడి పేరు మీద కారు, మంచి కార్డు ఉన్నవాడి కార్డుతో డబ్బు, నిద్ర రానివాడి చేతిలో స్టీరింగ్. ముగ్గురూ వేర్వేరు మనుషులైతే కార్డు బెనిఫిట్ గల్లంతే. మామూలు నియమం ప్రకారం కార్డుదారే ప్రధాన రెంటర్ అయి ఉండాలి, నడిపినవాడి పేరు అగ్రిమెంట్‌లో ఉండాలి. పేరు లేనివాడు నడిపితే డబ్బిచ్చి కొన్న వేవర్ కూడా చెల్లదు. జనం తమ సొంత కార్లు అద్దెకిచ్చే ట్యూరో లాంటి యాప్‌లలో తీసుకున్న కార్లని, పెద్ద వ్యాన్లని చాలా కార్డులు అసలే ఒప్పుకోవు. ఖర్చు పంచుకోవడం, డబ్బు పంపుకునే జెల్‌లో తర్వాత చేసుకోవచ్చు.

రెండో లెక్కే నిజంగా బరువైనది. ఎదుటాయన కారుకీ ఒంటికీ జరిగినదానికి నీ కార్డు ఒక్క డాలరు ఇవ్వదు. టెక్సస్‌లో కనీస లయబిలిటీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికి కట్టే ఇన్సూరెన్స్, ఒకరి గాయాలకి 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో అందరి గాయాలకీ కలిపి 60,000, ఆస్తికి 25,000. అద్దె కారుకి ఆ కనీసమైనా కంపెనీ తరఫున ఉందా అన్నది అగ్రిమెంట్ వెనక సన్న అక్షరాల్లో ఉంటుంది. రాష్ట్రాన్ని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది. ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు. కారు వాళ్లది కాబట్టి వాళ్లదే బాధ్యత అని ఎవరైనా అంటే నమ్మకు. 2005లో వచ్చిన గ్రేవ్స్ సవరణ అనే ఫెడరల్ చట్టం తర్వాత, తమ తప్పేమీ లేనప్పుడు కేవలం యజమాని అన్న కారణంగా రెంటల్ కంపెనీ మీదికి బాధ్యత రాదు. రూమ్మేట్ ఆటో పాలసీ కూడా నీకు పనికిరాదు. నువ్వు ఎవరైనా బంధువు ఇంట్లోనే ఉంటుంటే వేరే సంగతి.

ఎదుటాయన ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్ చేసి రికార్డెడ్ స్టేట్‌మెంట్ అడుగుతారు. వాళ్లకి ఇవ్వాల్సిన పని నీకు లేదు. పేరు, తేదీ, రిపోర్టు నంబరు చెప్పి, మిగతాది రాతలో పంపమను. మనకి నోటికి అలవాటైన "సారీ, నాదే తప్పు" అక్కడ వాడకు. ఎంత వేగంలో ఉన్నావో, సిగ్నల్ ఎప్పుడు మారిందో అంచనాకి చెప్పకు. నీ తరఫున ఏ లయబిలిటీ కవరేజీ దొరికినా ఆ పాలసీ వాళ్లకి మాత్రం దాచకుండా అన్నీ చెప్పాలి, సహకరించకపోతే కవరేజీ తీసేస్తారు.

ఏ కవరేజీ దొరకకపోతే బిల్లు నీ పేరుకే వస్తుంది. అప్పుడు కూడా వాయిదాల మీద ఒప్పుకోవడం మామూలే. ఒకటే జాగ్రత్త: కారు రిపేరుకి డబ్బిచ్చేస్తే గాయాల క్లెయిమ్ మూసుకుపోదు, దానికి ఆయనకి రెండేళ్ల సమయం ఉంది. డబ్బిచ్చే ముందు దేనికి ఇస్తున్నావో రాసిన రిలీజ్ (ఇక దానికి ఏమీ అడగనన్న కాగితం) మీద ఆయన సంతకం తీసుకో. కోర్టు కాగితాలు తలుపు దాకా వస్తే పక్కన పడేయకు. టెక్సస్ జస్టిస్ కోర్టులో అందిన 14 రోజుల్లోపు జవాబు దాఖలు చేయాలి. కౌంటీ, డిస్ట్రిక్ట్ కోర్టుల్లో 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటలు. దాటితే నీ మాట వినకుండానే తీర్పు వస్తుంది, ఆ డబ్బు కట్టకపోతే లైసెన్స్ కూడా ఆపేయొచ్చు. అలాంటి కాగితం వస్తే అదే రోజు లాయర్‌ని కలుద్దాం. యూనివర్సిటీలో విద్యార్థులకి ఉచిత న్యాయ సలహా విభాగం ఉందేమో ఇప్పుడే కనుక్కో.

మీ ఒంటి సంగతి తేలికే. మెడ నొప్పి అంటున్న నీ స్నేహితుణ్ణి రేపే స్టూడెంట్ హెల్త్ సెంటర్‌కి పంపు. వారం ఆగి వెళ్తే ప్రమాదంతో సంబంధం లేదంటారు. బిల్లు యూనివర్సిటీ హెల్త్ ప్లాన్‌కి వెళ్తుంది. కొన్నాళ్లకి ఇది ప్రమాదమా, ఎవరి బాధ్యత అని ఆ ప్లాన్ వాళ్లు ఒక ప్రశ్నపత్రం పంపుతారు. ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వేస్తే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది, బిల్లు పిల్లాడికి వస్తుంది.

ఆఫీసర్ టికెట్ (ట్రాఫిక్ జరిమానా కాగితం) ఇచ్చాడన్నావు. ఆన్‌లైన్‌లో పే బటన్ నొక్కే ముందు అది ఏ ప్లీ కింద, అంటే నేరానికి నువ్వు చెప్పిన ఏ జవాబు కింద, నమోదవుతుందో చూడు. గిల్టీ (తప్పు ఒప్పుకోవడం) అయితే ఎదుటాయన సివిల్ కేసులో నీ ఒప్పుకోలుగా వాడొచ్చు. టెక్సస్‌లో నో కాంటెస్ట్ (తప్పు ఒప్పుకోను, వాదించను) అంటే జరిమానా అదే గానీ, ఆ ప్లీని సివిల్ దావాలో ఒప్పుకోలుగా వాడటానికి చట్టం ఒప్పుకోదు. డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు చేసి టికెట్ కొట్టేయించుకునే వీలుందేమో కూడా కోర్టు క్లర్క్‌ని అడుగు. టికెట్ మీదున్న తేదీ దాటనివ్వకు.

అంతా తేలాక రెంటల్ కంపెనీ దగ్గర బాకీ సున్నా అని ఉత్తరం తీసుకో. చిన్న మొత్తం మిగిలిపోయినా వాళ్ల డూ నాట్ రెంట్ (ఇక కారు ఇవ్వకూడనివాళ్ల) జాబితాలో పేరు పడొచ్చు, ఆ విషయం నీకు ఏ ఎయిర్‌పోర్టు కౌంటర్లోనో తెలుస్తుంది.

క్లెయిమ్ నంబరు రాగానే మెసేజ్ పెట్టు. ఎస్టిమేట్ వచ్చాక పీడీఎఫ్ పంపు, లేబర్ గంటలు నేనూ చూస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య