అమెరికాలో నిరుద్యోగ భృతి, సోషల్ సెక్యూరిటీ 1929 మాంద్యం వల్లే వచ్చాయా?

"1929 మాంద్యం దెబ్బకే అమెరికా ప్రభుత్వం కార్మికుల గురించి ఆలోచించడం మొదలుపెట్టిందని చదివాను, నిజమేనా? అక్కడ ఉంటున్నవాళ్ళు మీ అనుభవంతో చెప్పండి" అని అడిగారు.

సగం నిజం. పెద్ద చట్టాలు మాంద్యం రోజుల్లోనే వచ్చాయి. కానీ వాటిని పట్టుబట్టి తెచ్చినవాళ్ళు అంతకు ఇరవై ఏళ్ళ ముందు నుంచే ఆ పనిలో ఉన్నారు. ఇది నాకు మొదటినుంచీ తెలిసిన సంగతి కాదు, ఉద్యోగం పోయాక తెలిసింది.

2006లో ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు క్యాంపస్‌లో డైనింగ్ హాల్ పని దొరికింది. జీతం ఇవ్వాలంటే ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) కావాలన్నారు. ఇక్కడికి వచ్చిన మన పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు తిరిగే ఆఫీసే అది. ఆ నంబరు వృద్ధాప్య పింఛను, నిరుద్యోగ భృతి తెచ్చిన 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంతో పుట్టిందనీ, 1936 నవంబరులో పోస్టాఫీసుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టారనీ అప్పుడు నేను ఆలోచించలేదు. కార్డు చేతికి వస్తే చాలనుకున్నాను.

2020 ఏప్రిల్‌లో కంపెనీ మమ్మల్ని ఒకేసారి చాలామందిని తీసేసింది. అప్పటికి గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి నిరుద్యోగ భృతికి అప్లై చేశాను. ఒంగోలు నుంచి అమ్మ రోజూ ఫోన్. "పనిలోకి పోకుండా ఇంట్లో కూర్చుంటే గవర్నమెంటు డబ్బులెందుకిస్తుంది నాన్నా? మళ్ళీ కట్టాలా?" అని ఆవిడ టెన్షన్. కట్టక్కర్లేదమ్మా, కంపెనీలు పన్ను కడతాయి, న్యూజెర్సీలో అయితే మా జీతంలోంచి కూడా కొంచెం కోస్తారు, అందులోంచే ఇస్తారు అన్నాను. "ఇంత మంచి ఆలోచన ఎవరికొచ్చింది?" అంది. పద్నాలుగేళ్ళు ఇక్కడ ఉండి కూడా నా దగ్గర జవాబు లేదు. అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

ఆ జవాబు వెతుక్కుంటూ 2024 మార్చి 25న న్యూయార్క్‌లో వాషింగ్టన్ ప్లేస్, గ్రీన్ స్ట్రీట్ మూలకి వెళ్ళాను. అక్కడ పది అంతస్తుల పాత భవనం ఉంది, ఇప్పుడు న్యూయార్క్ యూనివర్సిటీది. 1911లో దాని పై మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కంపెనీ ఉండేది. ఆడవాళ్ళ బ్లౌజులు కుట్టేవారు. పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల అమ్మాయిలు. 1911 మార్చి 25, శనివారం సాయంత్రం, ఇంకాసేపట్లో ఇళ్ళకి వెళ్తారనగా ఎనిమిదో అంతస్తులో మంటలు లేచాయి. పదో అంతస్తులో ఉన్న యజమానులకు కబురు అందింది, వాళ్ళు పైకప్పు మీదుగా బయటపడ్డారు. తొమ్మిదో అంతస్తుకి కబురు అందలేదు. అక్కడ మెట్ల వైపు ఒక తలుపుకి తాళం వేసి ఉంది. పోతూ పోతూ బట్ట ముక్కలేమైనా తీసుకెళ్తారేమోనని అందరూ ఒకే దారిలో వచ్చి సంచులు చూపించి వెళ్ళాలన్నది అక్కడి పద్ధతి. వెనకవైపు ఇనప మెట్లు జనం బరువుకి విరిగిపడ్డాయి. అరగంటలో 146 మంది చనిపోయారు. వాళ్ళలో 123 మంది ఆడవాళ్ళు. అందరికంటే చిన్నవాళ్ళకి 14 ఏళ్ళు.

ఏటా ఆ రోజున అక్కడ ఫైరింజన్ తెచ్చి నిచ్చెన పైకి లేపుతారు. అది ఆరో అంతస్తు దగ్గర ఆగిపోతుంది. 1911లో అక్కడిదాకే అందింది మరి. పేర్లు చదువుతూ ఒక్కో పేరుకీ గంట కొడుతుంటే ఆ నిచ్చెన కొసకీ ఎనిమిదో అంతస్తు కిటికీకీ మధ్య ఖాళీ చూస్తూ నిలబడ్డాను. మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఒంగోలు దగ్గర పొగాకు గ్రేడింగుకి వెళ్ళేది. సాయంత్రం బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర వరసలో నిలబెట్టి ఒళ్ళు తడిమి చూసేవారని చెప్పేది. ఆ మాట చిన్నప్పుడు కథలా విన్నాను. ఇక్కడ నిలబడ్డాక కథలా అనిపించలేదు.

ఆ సాయంత్రం దగ్గర్లోనే స్నేహితుల ఇంట్లో టీ తాగుతున్న ఫ్రాన్సెస్ పర్కిన్స్ అనే ముప్పై ఏళ్ళ మహిళ గోల విని పరుగెత్తుకొచ్చింది. అప్పటికే ఆమె ఫ్యాక్టరీల్లో పని గంటలు తగ్గించాలని తిరుగుతున్న మనిషి. పై నుంచి దూకుతున్నవాళ్ళని కళ్ళారా చూసింది. న్యూడీల్ (మాంద్యం రోజుల్లో ప్రభుత్వం తెచ్చిన సంస్కరణలు) పుట్టింది ఆ రోజే అని తర్వాతి కాలంలో ఆమె అన్నదని చెబుతారు.

అదే ఏడాది డిసెంబరులో ట్రయాంగిల్ యజమానులిద్దరూ కోర్టులో నిర్దోషులుగా బయటికొచ్చారు. 1914లో చనిపోయినవాళ్ళ కుటుంబాల కేసులు రాజీ చేసుకుని ఒక్కో ప్రాణానికి 75 డాలర్లు ఇచ్చారు. మధ్యలో 1913లో ఆ ఇద్దరిలో ఒకాయన మళ్ళీ ఫ్యాక్టరీ తలుపుకి తాళం వేసి దొరికితే 20 డాలర్ల జరిమానా పడింది. ఈ మూడు సంగతులు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కోర్టులో జరగనిది శాసనసభలో జరిగింది. న్యూయార్క్ రాష్ట్రం వేసిన విచారణ కమిషన్‌కి రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షుడు, ఆల్ స్మిత్ ఉపాధ్యక్షుడు. పర్కిన్స్ వాళ్ళని నోటిమాటతో నమ్మించే ప్రయత్నం చేయలేదు, వెంటబెట్టుకుని తిప్పింది. రాత్రంతా పనిచేసి తెల్లవారి బయటికొస్తున్న ఆడవాళ్ళని చూపించింది. కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో చిక్కుళ్ళు తుంచుతున్న చిన్నపిల్లల్ని చూపించింది. ఒకచోట 'ఫైర్ ఎస్కేప్' అని రాసి ఉన్న చిన్న కంతలోంచి వాగ్నర్‌నే పాకించింది. అవతల మంచు పట్టిన ఇనప నిచ్చెన, అదీ నేలకి పన్నెండు అడుగుల ఎత్తులో ఆగిపోయింది! ఆ కమిషన్ వల్ల కొన్నేళ్ళలో ముప్పైకి పైగా చట్టాలు వచ్చాయి. పని వేళల్లో తలుపులకి తాళం వేయకూడదు, స్ప్రింక్లర్లు పెట్టాలి, ఫైర్ డ్రిల్లు చేయించాలి లాంటివి.

ఇక మాంద్యం. 1929 అక్టోబరులో స్టాక్ మార్కెట్ కూలింది. 1933 నాటికి నలుగురిలో ఒకరికి పని లేదు, వేల బ్యాంకులు మూతపడి జనం దాచుకున్న డబ్బు పోయింది. రూజ్‌వెల్ట్ అధ్యక్ష ఎన్నికల్లో గెలిచి పర్కిన్స్‌ని కార్మిక మంత్రిగా రమ్మన్నాడు. అమెరికా క్యాబినెట్‌లో మొదటి మహిళ ఆమే. వస్తాను గానీ ఇవి చేయనివ్వాలి అని ముందే తన జాబితా ఆయన ముందు పెట్టింది: నిరుద్యోగ బీమా, వృద్ధాప్య పింఛను, కనీస వేతనం, పని గంటలకు పరిమితి, బాలకార్మిక నిషేధం, ఆరోగ్య బీమా. రాష్ట్ర స్థాయిలో ఇరవై ఏళ్ళు నలిగిన మనిషి కాబట్టే ఆ జాబితా చేతిలో సిద్ధంగా ఉంది. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది, నాకు భృతి ఇచ్చిన ఏర్పాటుకి మూలం అదే. కార్మికులకు యూనియన్ పెట్టుకునే హక్కు ఇచ్చిన చట్టం కూడా ఆ ఏడాదిదే, దాన్ని వాగ్నర్ చట్టం అంటారు. ఆ రోజు కంతలోంచి పాకిన వాగ్నరే. 1938లో కనీస వేతనం గంటకి 25 సెంట్లు అయింది.

అందరికీ అందిందా అంటే లేదు. 1935 చట్టం వ్యవసాయ కూలీలనీ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళనీ వదిలేసింది. దక్షిణాది నల్లజాతి ప్రజల్లో చాలామంది ఈ రెండు పనుల్లోనే ఉండేవారు. వాళ్ళని చేర్చడం 1950లో గానీ మొదలుకాలేదు. ఇది చిన్న లోపం అనుకుని దాటేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

హెచ్‌1బి మీద ఉన్న మనవాళ్ళు కూడా పే స్లిప్‌లో సోషల్ సెక్యూరిటీ కింద 6.2 శాతం కడతారు. పింఛనుకి 40 క్రెడిట్లు, అంటే దాదాపు పదేళ్ళ పని కావాలి. భారత్‌తో రెండు దేశాల్లో చేసిన పని కాలాన్ని కలిపి లెక్కించే ఒప్పందం లేదు కాబట్టి ఆరేడేళ్ళకే తిరిగి వెళ్ళిపోతే ఆ డబ్బు మీద పింఛను రాదు. వెళ్ళే ముందు మీ క్రెడిట్లు ఎన్నో సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో తప్పకుండా చూసుకోండి.

పర్కిన్స్ జాబితాలో ఆమె పదవిలో ఉండగా రానిది ఆరోగ్య బీమా ఒక్కటే. 2020లో నాకు భృతి వారం వారం వచ్చింది. ఇన్సూరెన్స్ మాత్రం ఉద్యోగంతోపాటే పోయింది. మా నలుగురికీ పాత ఇన్సూరెన్స్‌నే కోబ్రా (ఉద్యోగం పోయినా మన ఖర్చుతో పాత ఇన్సూరెన్స్ ఉంచుకోనిచ్చే చట్టం) కింద కొనసాగించడానికి నెలకి 1,900 డాలర్లు కట్టాం. ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.