కొత్తగా ఎండీఎస్ బాధ్యత తీసుకున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతికి పిన్ని ఆశీస్సులు.

మీ నర్సింగ్ హోంలో ఎండీఎస్, అంటే అక్కడ ఉండేవారి స్థితిని అంచనా వేసి నింపే ప్రభుత్వ ఫారం, దాని కోఆర్డినేటర్ బాధ్యత నీకు అప్పగించారని విని సంతోషించాను. అమెరికాలో చాలా ఏళ్లు ఇదే పని చేసినదాన్ని కనుక, అక్కడి శిక్షణలో గట్టిగా చెప్పని కొన్ని సంగతులు రాస్తున్నాను.

ఒకసారి కొత్తగా చేరిన పెద్దాయనకు జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తూ ‘సాక్, బ్లూ, బెడ్’ అని మూడు మాటలు చెప్పి, తిరిగి చెప్పమంటే తడబడ్డారు. మొత్తం మీద 15కు 6 వచ్చింది, అంటే తీవ్రమైన లోపమని లెక్క. లేవబోతుండగా ఆయన చెవి మిషన్ బల్ల సొరుగులో బ్యాటరీ అయిపోయి పడి ఉండడం కనిపించింది. బ్యాటరీ మార్చి మర్నాడు మళ్లీ అడిగితే 13 వచ్చింది. నేను చూడకపోయి ఉంటే ఆయన సంరక్షణ ప్రణాళిక మొత్తం ఆ ఆరు మీదే నిలబడేది. అందుకే కళ్లజోడు, చెవి మిషన్, ఆయనకు వచ్చిన భాష, ఈ మూడూ చూసుకున్నాకే ప్రశ్నలు మొదలుపెట్టు.

ఆ ఫారంలో లేవడం, నడవడం లాంటి రోజువారీ పనుల గురించిన జీజీ విభాగంలో రాయవలసింది ఆ మనిషి చేయగలిగినది కాదు, మామూలుగా చేస్తున్నది. ఉదయం పదింటికి థెరపిస్టు పక్కన నడిచే మనిషి వేరు, రాత్రి రెండింటికి బాత్రూంకు లేవవలసిన మనిషి వేరు. అది తెలిసినది నర్సింగ్ అసిస్టెంట్లకే. వాళ్లను “సాయం కావాలా?” అని అడిగితే “కొంచెం” అంటారు, “ఆవిణ్ణి లేపడంలో సగానికి పైగా బరువు నీదేనా?” అని అడుగు. సగంకన్నా తక్కువైతే 3, ఎక్కువైతే 2 అని రాయాలి; సాయం ఎక్కువయ్యేకొద్దీ అంకె తగ్గుతుంది.

పడిపోవడం విషయంలోనూ జాగ్రత్త. పడబోతుంటే మనవాళ్లు పట్టుకుని నేలమీద కూర్చోబెట్టినా అది పడిపోవడమే. అలాగే, మంచాన పడి ఉన్నవారికి ఒత్తిడి వల్ల పడే పుండు నాలుగో దశకు చేరి, తర్వాత మానుతూ వస్తుంటే దాన్ని మూడో దశ అని రాయకూడదు.

2019 అక్టోబరు నుంచి మెడికేర్ (పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) చెల్లింపులు ఈ అంకెలను బట్టే లెక్కకడుతున్నారు కనుక, “ఇంకొంచెం ఎక్కువ సాయం కావాలని రాయమ్మా” అనేవారు తప్పకుండా ఎదురవుతారు. నాకూ ఎదురయ్యారు. తెలిసి తప్పుడు అసెస్‌మెంటును ధ్రువీకరిస్తే ఒక్కోదానికి వెయ్యి డాలర్ల వరకు, ఇతరుల చేత అలా చేయిస్తే ఐదు వేల వరకు జరిమానా అని మూల చట్టంలోనే ఉంది. చేయించినవారికే ఎక్కువ అన్న సంగతి వారికి నవ్వుతూనే గుర్తుచేయి. స్కిజోఫ్రీనియా అని రాయమంటే మరీ జాగ్రత్త: ఎంతమందికి యాంటీసైకోటిక్ (మానసిక రోగాల) మందులు ఇస్తున్నారని నర్సింగ్ హోం నాణ్యత కోసం వేసే లెక్కలోంచి ఆ నిర్ధారణ ఉన్నవారిని తప్పిస్తారు కనుక, 2023లో మెడికేర్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ సీఎంఎస్ ప్రత్యేకంగా ఆడిట్లు ప్రకటించింది. సరైన వైద్య పరీక్షల ఆధారం చార్టులో లేకపోతే రాయకు.

ఈ వారం క్వార్టర్లీలు (మూడు నెలలకోసారి చేసే అసెస్‌మెంట్లు) ఎవరెవరికి ఉన్నాయో చూసుకుని, ఒకరోజు రాత్రి షిఫ్టు మారే వేళకు వెళ్లి నర్సింగ్ అసిస్టెంట్ల మాటలు విను. వెళ్లేటప్పుడు జేబులో చెవి మిషన్ బ్యాటరీలు రెండు వేసుకో.

ఇట్లు,
మీ పిన్ని