క్రాఫ్ట్స్‌మన్ శైలి ఇంట్లో కాపురం, వ్యాపారం కలిసి సాగిన ఉదాహరణ ఉందా?

ఉంది. కలప, రాయి సహజరూపంలోనే కనబడేలా కట్టే ఆ అమెరికా ఇళ్ల శైలికి పేరు తెచ్చిన గుస్తావ్ స్టిక్లీ సొంత ఇల్లే. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆ ఇల్లున్న తోట పేరు క్రాఫ్ట్స్‌మన్ ఫార్మ్స్.

స్టిక్లీ కలప సామాను తయారుచేయించేవాడు. 1901లో 'ది క్రాఫ్ట్స్‌మన్' పత్రిక పెట్టి, అందులో ఇళ్ల నమూనాలు అచ్చువేశాడు. శైలికి ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. 1908 నుంచి ఇక్కడ భూమి కొంటూ, అబ్బాయిలకు చేతిపనులు, వ్యవసాయం నేర్పే బడి పెట్టాలనుకున్నాడు. 1911 నాటి దుంగల ఇల్లు నిజానికి ఆ బడికి వచ్చేవారు కూడుకోవడానికి కట్టినది. బడి తెరవనే లేదు. కుటుంబమే అందులో కాపురం పెట్టింది.

ఆ ఇంటిని చూస్తే శైలి మొత్తం అర్థమవుతుంది. గోడల చెస్ట్‌నట్ చెట్ల దుంగలు, పునాది రాళ్లు ఆ నేలవే. దాదాపు 50 అడుగుల పొడవున్న ముందుగదికి రెండు కొసలా చలిమంటకు రాతి గూళ్లు (ఫైర్‌ప్లేస్‌లు), వాటిపై సుత్తితో సాగగొట్టిన రాగి పొగతొడుగులు. దూలాలు దాచలేదు, రంగు పూయలేదు. కలపను కలపలాగే చూపించాలన్న ఆ పట్టుదల నాకు ఎంతో ఇష్టం.

వ్యాపారం సంగతికొస్తే, 1913లో న్యూయార్క్ నగరంలోని మన్‌హటన్‌లో 12 అంతస్తుల దుకాణం తెరిచాడు. దాని పై అంతస్తులోని భోజనశాలకు పాలు, కూరగాయలు ఈ తోటనుంచే వెళ్లేవి. అప్పులు మీదపడి 1915లో దివాలా తీశాడు, 1917లో తోట అమ్ముడైంది. 1989లో అక్కడ కొత్త ఇళ్లు కట్టబోతుంటే స్థానికులు అడ్డుపడ్డారు, పురపాలక సంస్థ స్వాధీనం చేసుకుంది. ఇప్పుడది మ్యూజియం.