పగుళ్లు తామే పూడ్చుకునే కాంక్రీట్ మీద పని చేస్తానంటోంది మా పాప, ఏ బ్రాంచ్‌లో చేర్చాలి?

ప్రశ్న: మా పాప స్కూల్ చదువు ముగించింది. బ్యాక్టీరియాతో పగుళ్లు మూసుకునే కాంక్రీట్ వీడియో చూసినప్పటి నుంచి సివిల్ చదువుతానని పట్టుబట్టింది. సివిల్‌లో ఉద్యోగాలుండవని, బయోటెక్నాలజీ గానీ మెటీరియల్స్ గానీ మేలని అందరూ అంటున్నారు. పైగా కాంక్రీట్ తనే బాగుపడితే ఇక ఇంజనీర్లతో పనేముంటుంది? మూడింటిలో ఏది మంచిదో చెప్పండి. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ ఇంజనీర్లతో పనేముంటుందన్న మాటే అనిపిస్తోంది, అందుకే ముందు దానికే జవాబిస్తాను. మామూలు కాంక్రీట్ కూడా ఎప్పటినుంచో కొంతవరకు తన పగుళ్లు తానే పూడ్చుకుంటోంది. నీరు అందక లోపల మిగిలిపోయిన సిమెంట్ రేణువులు పగుల్లోకి తడి చేరగానే మళ్లీ గట్టిపడతాయి, కరిగివచ్చిన సున్నం కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లగా పేరుకుంటుంది. కాకపోతే ఇది నమ్మకంగా జరిగేది 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల సన్నని పగుళ్లలోనే, అదీ తడి ఉంటేనే. దీనివల్ల ఏ ఇంజనీరుకూ పని పోలేదు.

పాప చూసింది బహుశా నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో హెంక్ యోంకర్స్ అనే పరిశోధకుడు 2006లో మొదలుపెట్టిన పని గురించి అయివుంటుంది. బాసిల్లస్ అనే రకం బ్యాక్టీరియా స్పోర్లను, అంటే విత్తనాల్లా నిద్రపోతూ ఉండే రూపాన్ని, వాటికి ఆహారంగా క్యాల్షియం లాక్టేట్‌ను కాంక్రీట్‌లో కలుపుతారు. పగులు వచ్చి నీరు దిగితే స్పోర్లు మేలుకుని ఆ ఆహారం తిని సున్నపురాయిని తయారుచేస్తాయి. చాలా అందమైన ఆలోచన, పాప మనసు పడిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

కానీ నా అనుమానాలు కూడా చెప్పాలి. వీడియోలో కనిపించేది ఎప్పుడూ తడిగా ఉంచిన ఒక చిన్న ముక్క. నిజమైన వంతెన మీద బండ్లు పోతుంటే పగులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, వాన పడని చోట బ్యాక్టీరియా లేవనే లేవదు. కాంక్రీట్ లోపల క్షారత చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాటుతుంది, పైగా గట్టిపడేకొద్దీ లోపలి రంధ్రాలు కుంచించుకుపోయి స్పోర్లను నలిపేస్తాయి, అందుకని వాటిని గుళికల్లోనో తేలికపాటి మట్టి రేణువుల్లోనో దాచాలి, అవి ఎక్కువైతే కాంక్రీట్ బలం తగ్గుతుంది. ఖర్చు సరేసరి. నీరు కారకుండా పగులు మూసుకోవడం వేరు, పోయిన బలం తిరిగి రావడం వేరు, ఈ రెండిటినీ కలిపేసి చెప్పేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. పునాది కుంగి వచ్చిన పగులును ఏ బ్యాక్టీరియా బాగుచెయ్యదు. కాబట్టి ఈ ఒక్క టెక్నాలజీ పేరు తగిలించుకున్న కొత్త డిగ్రీ ఏదైనా కనిపిస్తే దయచేసి దాని జోలికి పోకండి, ఇందులో ఇప్పటికీ ఎక్కువ పని పరిశోధనశాలల్లోనే ఉంది, అక్కడికి గట్టి పునాది ఉన్నవాళ్లే చేరతారు.

ఇక కాస్త కటువుగానే అంటాను, ఏమీ అనుకోవద్దు. మీ ప్రశ్నలో పాప మాట ఒక్క వాక్యం, తర్వాతదంతా 'అందరూ అంటున్నారు'. ఆ అందరూ రేపు ఆ అమ్మాయి బదులు క్లాసులో కూర్చోరు కదా! ఆ వీడియోలో నీకు ఏం నచ్చిందమ్మా అని మీరు ఒక్కసారైనా అడిగారా? మీరడిగిన పోలిక అక్కడే తేలిపోతుంది. ఆ బ్యాక్టీరియా గురించే మాట్లాడితే మైక్రోబయాలజీ వైపు చూడండి, ఆ తెల్లటి పదార్థం ఎలా పుట్టిందని అడిగితే మెటీరియల్స్ గానీ కెమిస్ట్రీ గానీ, వంతెన వందేళ్లు నిలుస్తుందా అని అడిగితే సివిల్.

ఏది తీసుకున్నా పాప ఇరుక్కుపోదు, ఆ టెన్షన్ వదిలేయండి. యోంకర్స్ సివిల్ ఇంజనీరు కాదు, సూక్ష్మజీవులు చదివి కాంక్రీట్‌లోకి వచ్చినాయన. రోమన్ల కాంక్రీట్‌లో కనిపించే సున్నపు గడ్డలను సరిగ్గా కలపకపోవడం వల్ల మిగిలినవని చాలాకాలం అనుకున్నారు, అవే పగుళ్లను పూడుస్తాయని 2023లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. ఇప్పటికే కట్టేసిన వంతెనలు, సొరంగాలు, నీళ్ల ట్యాంకులు ప్రపంచమంతా పగులుతూనే ఉన్నాయి, ఆ పగుళ్లలోంచి నీరు దిగి లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడుతూనే ఉన్నాయి. పగులు ఎందుకొచ్చిందో చెప్పగలిగినవాళ్లు ఎప్పుడూ కావాలి.

అప్లికేషన్లు నింపే ముందు ఒక పని చెయ్యండి. సిమెంటు, ఇసుక కలిపి, మధ్యలో సన్నటి ఇనుప జాలీ పెట్టి రెండు చిన్న పలకలు పాపనే పోయమనండి, చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి. కొన్ని రోజులు తడిపాక మెల్లగా వంచి వెంట్రుకంత పగులు తెప్పించి, ఒకటి నీళ్లలో, ఇంకోటి పొడిగా ఒక నెల ఉంచి భూతద్దంతో చూడాలి. మీరు మాత్రం పగులు వంక కాదు, పాప వంక చూడండి. రోజూ వెళ్లి చూసుకుంటుంటే తనడిగిన సీటే ఇప్పించండి, రెండో వారానికే మర్చిపోతే మళ్లీ రాయండి, వేరే విషయాలు మాట్లాడుకుందాం.