కొట్టు అద్దెకిచ్చే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

బెజవాడ వన్‌టౌన్‌లో మన మూడు వాకిళ్లూ కలిపి సూపర్ మార్కెట్‌కి అడుగుతున్నారనీ, బ్రోకరు చెప్పిన అద్దె బాగానే ఉందనీ రాశావు. ఇవ్వొద్దని నేననను. కొట్టులో కూర్చునేవాళ్లు లేక తాళం వేసుకోవడం కంటే ఎవరో ఒకరు దీపం పెట్టడం నయం. కానీ అంకె చూసి తలూపేస్తే అటు వీధికీ ఇటు మన గోడలకీ చేటు. కాబట్టి ఎలా ఇవ్వాలో రాస్తున్నాను.

బజారు దిగిపోయిన పాపమంతా సూపర్ మార్కెట్లదే అని మన వీధిలో పెద్దలంటారు. నేనొప్పుకోను. హోల్‌సేల్ షాపులు గొల్లపూడి కాంప్లెక్సుకి తరలిపోయిన నాడే సగం సందడి పోయింది. లారీలు, ముఠా కూలీలు, పల్లెల నుంచి వచ్చి సరుకు వేసుకెళ్లే చిల్లర వర్తకులు, అందరూ అటే పోయారు. మనకి మిగిలింది నడిచి వచ్చే బేరం. కాళేశ్వరరావు మార్కెట్లో కూరలు కొనుక్కుని, అటు నుంచటే పసుపూ కుంకుమా, ఓ డజను గాజులు, ఓ స్టీలు గిన్నె కొని ఇంటికెళ్లేవాళ్ల బేరం. సూపర్ మార్కెట్ లాగేసేది సరిగ్గా ఆ నడకనే. అలాగని జనాన్ని తప్పుపట్టలేం. అక్కడ చల్లగా ఉంటుంది, ధర ముద్రించి ఉంటుంది, ప్యాకెట్టు తిప్పి చూసి కొనకుండా పెట్టేసినా ఎవరూ మొహం చిట్లించరు. మీ పెద్దమ్మే పంచదార అక్కణ్ణుంచి తెస్తుంది, నాకు చెప్పకుండా.

మన వీధిలో పదేసి అడుగులకో వాకిలి. ముందు కొట్టు, వెనక గోడౌను, పైన కాపురం, వెనక సందులోంచి సరుకు దిగుమతి. వాళ్లు రాగానే మూడు వాకిళ్లలో రెండు మూసేస్తారు. దొంగతనం కనిపెట్టాలన్నా, బిల్లు చూసి పంపాలన్నా ఒకటే దారి ఉండాలి గదా. వీధివైపు అద్దాలు పెడతారు, లోపల ఆ అద్దాలకే ఆనించి ర్యాకులు వేస్తారు. ఇక బయటివాడికి కనబడేది స్టిక్కర్లే. ముప్ఫై అడుగుల మేర ఆగి చూడ్డానికేమీ ఉండదు. పక్కన గాజుల కొట్టుకి దెబ్బ తగిలేది అక్కడే. సూపర్ మార్కెట్‌వాడు గాజులు అమ్మడు, అయినా గాజుల బేరం పడిపోతుంది.

అందుకని ఒక వాకిలి మన దగ్గరే ఉంచుకో. వాళ్లకి రెండిచ్చి, ఆ రెండూ వీధివైపు తెరిచే ఉండాలని, అద్దం వెనక ర్యాకులు వేయకూడదని కాగితంలో రాయించు. అరుగు కొట్టనివ్వకు. పూలమ్మే ఆవిడ వాళ్ల అమ్మ నాటి నుంచి అక్కడే కూర్చుంటోంది. సరుకు బండ్లు సందులోనే, అదీ పొద్దున ఎనిమిదిలోపు. జనరేటరు మాత్రం సందులో వద్దు, పక్కింటివాళ్లు మనల్ని తిడతారు.

ఇక గోడలు. అవి సున్నపు గారతో కట్టినవి, మేడ టేకు దూలాలు వాటిమీదే ఆనుకున్నాయి. గోడ తీసి ఇనప గర్డర్లు వేస్తామని వాళ్ల ఇంజనీరు తేలిగ్గా చెబుతాడు. మనం డబ్బిచ్చి తెచ్చుకున్న స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం పెట్టి ఇచ్చేదాకా ఒక్క ఇటుక కదలనివ్వకు. నన్నడిగితే మనిషీ తోపుడు ట్రాలీ పట్టేంత దారి తీయిస్తే చాలు. ఖాళీ చేసేటప్పుడు దాన్ని మళ్లీ పూడ్చి ఇచ్చే ఖర్చు వాళ్లదే.

ఖాళీ చెయ్యడం అంటే గుర్తొచ్చింది. సుభిక్ష అని ఒక సూపర్ మార్కెట్ కంపెనీ ఉండేది. 1997లో చెన్నైలో మొదలై, దేశమంతటా 1,600 దాకా షాపులు తెరిచి, 2009లో మూతపడింది. జీతాలూ అద్దెలూ బాకీపడింది. 2022లో బిగ్ బజార్ షాపులు అద్దె కట్టలేక చేతులు మారాయి, బోర్డులూ మారిపోయాయి. అందుకే మనల్ని అడగకుండా సబ్‌లీజు కుదరదని రాయించు. లాకిన్, అంటే ఖాళీ చెయ్యకూడని గడువు, అనే మాట ఎక్కడుందో వెతుకు. ఓనరు లీజు కాలమంతా కట్టుబడి ఉండాలనీ, వాళ్లు మాత్రం కొన్నాళ్లు పోయాక నోటీసిచ్చి వెళ్లిపోవచ్చనీ ఉంటుంది చాలా కాగితాల్లో. ఆ కొన్నాళ్లని పెంచు, డిపాజిట్ అంతకు తగ్గట్టు అడుగు. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పదు. జీఎస్టీ 18 శాతం బ్రోకరు చెప్పిన అంకెకి లోపలో పైనో ముందే తేల్చుకో.

మన వాకిట్లో వాళ్లమ్మే సబ్బులూ బిస్కెట్లూ పెట్టొద్దు, ఆ ధరకి మనం కొననే లేం. పెళ్లి లిస్టులు, దసరాకీ భవానీల రోజుల్లోనూ పూజ సామాను, వేసవిలో ఆవకాయ సరుకు పెట్టు. ఇన్ని కాయలకి ఎంత కారం, ఎంత ఆవపిండి, ఎంత నువ్వుల నూనె అని అడిగితే ర్యాకు జవాబు చెప్పదు. మన గుమాస్తా చెబుతాడు, చెప్పి పొట్లాలు కట్టిస్తాడు. అతను ఒప్పుకుంటే ఆ వాకిలి అతనికే తక్కువ అద్దెకి ఇచ్చెయ్.

ఈ వారంలో తేల్చకపోతే వేరే బిల్డింగు చూసుకుంటారని బ్రోకరు తొందరపెడతాడు. పెట్టనీ. వన్‌టౌన్‌లో వరసగా వాకిళ్లూ వెనక సందూ ఉన్న స్థలం వాళ్లకి ఊరికే దొరకదు. డ్రాఫ్టు ప్రింటు తీసి పంపు, లాయరుగారికి చూపించి మార్జిన్లో రాసి పంపుతాను. ముందు మీ మేనత్తకి ఫోన్ చెయ్యి. మూడో వంతు ఆవిడది, ఆవిడ సంతకం లేకపోతే ఇదంతా ఉత్త కబురే.

మీ పెదనాన్న