యాంజియో బాగుంది, మరి నొప్పెందుకు?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, పదకొండేళ్లుగా షుగరు. జీడిపప్పు పనికి వెళ్తాను. మెట్లెక్కినా, బస్తా జరిపినా గుండె మీద రాయి పెట్టినట్టు బరువు. కూర్చున్నా పావుగంట దాకా వదలదు. యాంజియోగ్రామ్ చేసి నాళాలు బాగున్నాయన్నారు. గ్యాసేనా? – ఒక పాఠకురాలు, పలాస

జవాబు: గ్యాసు అనేసి వదిలేయకండమ్మా. యాంజియోగ్రామ్‌లో కనబడేవి సుమారు అర మిల్లీమీటరుకు పైబడిన నాళాలే. గుండె కండరానికి ఏ వేళ ఎంత నెత్తురు చేరాలో తేల్చేవి అంతకంటే సన్ననివి. పెద్ద కాలవ నిండుగా పారుతున్నా పిల్లకాలవ పూడితే శివారు మడికి నీరందదు కదా, ఇదీ అంతే. షుగరు, బీపీలతో ఈ సన్న నాళాల లోపొర చెడిపోతే, పనిచేసేటప్పుడు అవి విచ్చుకోవు. కొందరిలో ఉన్నట్టుండి బిగుసుకుంటాయి కూడా. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. కూర్చున్నా నొప్పి తొందరగా తగ్గకపోవడం, నాలుక కింద మాత్ర సరిగా పనిచేయకపోవడం దీని లక్షణాలే.

దీన్ని తేల్చే పరీక్ష యాంజియో బల్ల మీదే చేస్తారు. ఒత్తిడి కొలిచే సన్నని తీగను నాళంలోకి పంపి, నాళాలను విచ్చుకునేలా చేసే అడెనోసిన్ మందును కిలో బరువుకు నిమిషానికి 140 మైక్రోగ్రాముల చొప్పున ఎక్కిస్తారు. ప్రవాహం ఎన్ని రెట్లు పెరిగిందన్నది సీఎఫ్‌ఆర్. పెద్ద నాళాల్లో అడ్డు లేకుండానే అది 2 కంటే తక్కువొచ్చినా, చిన్న నాళాల నిరోధాన్ని చెప్పే ఐఎంఆర్ 25 గానీ ఆపైన గానీ ఉన్నా లోపం ఉన్నట్టే. ముందురోజు నుంచి టీ, కాఫీ మానాలి. కెఫీన్ అడెనోసిన్‌ను అడ్డుకుంటుంది, అంకెలు తప్పుగా వస్తాయి. ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి. బిగుసుకునే గుణం ఉందేమో చూడాలంటే ఎసిటైల్‌కోలిన్ పరీక్ష వేరు. ఈ సదుపాయం అన్ని క్యాథ్‌ల్యాబుల్లో ఉండదు, వెళ్లేముందు కనుక్కోండి.

ఇంత తిప్పలు ఎందుకంటే, ఫలితాన్ని బట్టి మందు మారుతుంది. విచ్చుకోని నాళాలకు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మేలు. బిగుసుకునేవాటికి, నాళాలను సడలించే కాల్షియం బ్లాకర్ ఇవ్వాలి, అక్కడ బీటా బ్లాకర్ వాడితే ఒక్కోసారి నొప్పి పెరుగుతుంది. ఇలా పరీక్ష చూసి మందిస్తే ఆరు నెలలకు నొప్పి తగ్గిందని స్కాట్లాండ్‌లో జరిగిన కార్‌మికా అధ్యయనం 2018లో చూపింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, బీపీ అదుపు ఎలాగూ తప్పవు.

ఇన్సులిన్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. బీటా బ్లాకర్ వేసుకుంటే షుగరు పడిపోయినప్పుడు గుండెదడ, వణుకు తెలియవు. చెమట మాత్రం పడుతుంది. చెమట పట్టగానే షుగరు చూసి, 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగండి, పావుగంటకు మళ్లీ చూడండి. విశ్రాంతిలోనూ నొప్పి ఆగకుండా ఉంటే 108కి ఫోన్ చేయాల్సిందే, యాంజియో నార్మల్ అన్న కాగితం చూసుకుని ఊరుకోకూడదు.

ప్రశ్న: మా అబ్బాయికి టైప్ 1 షుగరు. క్లోమపు ప్రొజెనిటర్ కణాలు ఎక్కిస్తే నయమవుతుందని, గుండె చిన్న నాళాలూ బాగుపడతాయని ఒక క్లినిక్ వాళ్లు డబ్బు అడుగుతున్నారు. ఇవ్వమంటారా? – ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: ఇవ్వకండి. కణాల విజ్ఞానం నిజమే, వాళ్ల బేరం మాత్రం కాదు. ప్రొజెనిటర్ కణం మూలకణానికీ, ఇన్సులిన్ చేసే బీటా కణానికీ మధ్య మెట్టు. పీడీఎక్స్1, ఎన్‌కేఎక్స్6.1 అనే రెండు ప్రొటీన్లూ ఉంటేనే అది బీటా కణమయ్యే దారిలో ఉన్నట్టు. హార్మోన్లు తయారుచేసే దశ ముందే మొదలై ఎన్‌కేఎక్స్6.1 వెనకబడితే, ఇన్సులిన్‌నూ, షుగరును పెంచే గ్లూకగాన్‌నూ కలిపి చేసే పనికిరాని కణాలు పుడతాయి. మారని మూలకణాలు మిగిలిపోతే కణితి పెరిగే ప్రమాదం. ఈ ప్రొజెనిటర్ కణాలను చిన్న సంచిలో పెట్టి చర్మం కింద అమర్చి చూశారు. సంచి చుట్టూ మచ్చకణజాలం పేరుకుని ఆక్సిజన్ అందక చాలా కణాలు చనిపోయాయి.

ఆ తర్వాత పూర్తిగా ఎదిగించిన కణాలనే కాలేయపు పోర్టల్ సిరలోకి పంపారు. వెర్టెక్స్ కంపెనీ 2025లో చెప్పిన ఫలితాల్లో, పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది నాటికి ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. దానికి మూల్యంగా రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతూనే ఉండాలి. అదీ షుగరు ప్రమాదకరంగా పడిపోయే పెద్దవాళ్లలో చేసిన ప్రయోగమే.

ఇక గుండె నాళాల మాట. టైప్ 1 షుగరు ఉన్నవాళ్లపై జరిగిన డీసీసీటీ అధ్యయనంలో మొదట్లోనే షుగరును గట్టిగా అదుపుచేసినవాళ్లకు తర్వాతి ఏళ్లలో గుండె, రక్తనాళాల ఘటనలు 42 శాతం తగ్గాయని 2005లో తేలింది. అంటే మొదటి ఏళ్ల అదుపే తర్వాత కాపాడుతుంది. చెడిపోయిన నాళాన్ని ఇన్సులిన్ చేసే కణం వెనక్కి తేదు. మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగాలే. వైద్య ప్రయోగాలను నమోదుచేసే ప్రభుత్వ జాబితా సీటీఆర్‌ఐలో నమోదు సంఖ్య చూపమనండి. ప్రయోగంలో చేరినందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మాట అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: యాంజియో మందుతో కిడ్నీ పోతుందా? – ఒక పాఠకుడు, కవిటి

జవాబు: కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మీ ఉద్దానంలో ఈ భయం సబబే. ముందు క్రియాటినిన్ చేయించి కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ లెక్కేయించండి. 30 కంటే తక్కువుంటే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ అసలు వద్దు. 30–60 మధ్య ఉంటే పరీక్ష రోజున ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ మళ్లీ చూశాకే మొదలెట్టాలి. ఆ రోజుల్లో డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ముట్టకండి. సెలైన్ ఎంతన్నది డాక్టరే చెప్పాలి, గుండె బలహీనంగా ఉంటే ఎక్కువైనా ముప్పే.